యముడి కచేరీలో ప్రేమకథలు

చనిపోయిన తరువాత మనిషి ఎక్కడికి వెళతాడని మతగ్రంథాలు విచారిస్తే, హాస్యచిత్రాలు ఆ ప్రశ్నను కొద్దిగా మార్చి, వెళ్ళినచోట ఎవరి ముందు నిలబడి జవాబు చెప్పుకోవలసి వస్తుందని అడుగుతాయి. మరణానంతర ప్రణయ హాస్యం అనే సినిమా రకమంతా ఈ చిన్న మార్పు మీదనే నిలిచి ఉంది. మరణం ఎలా ఉంటుందో బ్రతికి ఉన్నవాడికి తెలిసే వీలు లేదు కనుక, తనకు బాగా తెలిసిన మరొక భయాన్ని, అంటే కచేరీలో గుమాస్తా ముందు, ఠాణాలో జవాను ముందు, బోనులో న్యాయమూర్తి ముందు నిలబడే భయాన్ని అతడు పరలోకానికి అరువు తెచ్చుకుంటాడు. ఏ సమాజం ఎవరికి భయపడుతుందో తెలుసుకోవాలంటే, ఆ సమాజం పరలోకంలో ఎవరిని ఉద్యోగంలో పెట్టిందో చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. ఒడిశా దక్షిణ సరిహద్దులోని కొరాపుట్, రాయగడ జిల్లాలు ఈ విషయాన్ని పరిశీలించడానికి అనువైన చోటు. అక్కడి పట్టణాలలో తెలుగువారి యముడి సినిమాలు ఆడాయి, అక్కడి కొండలమీది సవర గిరిజనుల పల్లెలలో చనిపోయినవారు బ్రతికి ఉన్నవారితో నేరుగా మాట్లాడారు.

ఈ రకానికి ఆధునిక కాలంలో పేరుపడిన నమూనా 1991లో అమెరికాలో విడుదలైన 'డిఫెండింగ్ యువర్ లైఫ్'. దాన్ని రాసి, దర్శకత్వం వహించి, నాయకపాత్ర ధరించినవాడు ఆల్బర్ట్ బ్రూక్స్; నాయిక జూలియాగా మెరిల్ స్ట్రీప్ నటించింది. ప్రకటనల సంస్థలో పనిచేసే డేనియల్ మిల్లర్ కొత్త కారు కొనుక్కున్న రోజునే బస్సును ఢీకొని చనిపోయి, జడ్జిమెంట్ సిటీ అనే ఊరు చేరతాడు. ఆ ఊరు స్వర్గమూ కాదు, నరకమూ కాదు. హోటళ్ళు, ట్రాములు, ఎంత తిన్నా ఒళ్ళు పెరగని భోజనశాలలు ఉన్న విడిది అది. అక్కడ విచారణ జరుగుతుంది, అయితే విచారణకు వచ్చేది పాపపుణ్యాల లెక్క కాదు. బ్రతికినంత కాలం ఎన్నిసార్లు భయపడి వెనక్కు తగ్గావన్నదే అక్కడి అభియోగం. భయాన్ని జయించినవాడు పై మెట్టుకు వెళతాడు, జయించలేనివాడిని మళ్ళీ భూమికి పంపుతారు. డేనియల్ జీవితంలోని తొమ్మిది రోజులను తెరమీద ప్రదర్శించి, ఒక న్యాయవాది అతడి పక్షాన, ఒక న్యాయవాది అతడికి వ్యతిరేకంగా వాదిస్తారు.

ఆ రోజులలో ఒకటి జీతం బేరమాడిన రోజు. అరవై అయిదు వేల డాలర్లకు తక్కువైతే ఒప్పుకోనని ముందురాత్రి భార్యతో గట్టిగా అభ్యాసం చేసినవాడు, మరునాడు యజమాని నలభై తొమ్మిది వేలు అనగానే మారుమాట లేకుండా తలూపుతాడు. మంటల్లో చిక్కుకున్న ఇంటిలోనుంచి పిల్లలను బయటకు తెచ్చిన జూలియాకు మాత్రం విచారణ పేరుకే జరుగుతుంది. వారిద్దరికీ ప్రేమ కలగడం హాస్యచిత్ర నియమం. ఆ ప్రేమను కూడా సాక్ష్యంగా మార్చడం బ్రూక్స్ చేసిన తెలివైన పని. తీర్పుకు ముందురాత్రి జూలియా తన గదికి రమ్మన్నప్పుడు, ఇంత చక్కగా ఉన్నది చెడిపోతుందేమోనని డేనియల్ వెళ్ళకుండా ఉండిపోతాడు. మరునాటి ఉదయం న్యాయస్థానం ఆ రాత్రి దృశ్యాన్నే తెరమీద వేస్తుంది. చివరకు భూమికి తిరిగివెళ్ళే ట్రాము నుంచి దూకి, కదులుతున్న వాహనాల మధ్య పరుగెత్తి, జూలియా ఎక్కిన ట్రామును పట్టుకుని వేలాడినప్పుడు, చూస్తున్న న్యాయమూర్తులు తలుపు తెరిపిస్తారు. ఈ చిత్రంలోని పరలోకం మరీ శుభ్రంగా, మరీ మర్యాదగా ఉంటుందన్నది నిజమే. అయినా ఉద్యోగపు ఇంటర్వ్యూకు, వార్షిక మదింపుకు భయపడే అమెరికన్ నగరవాసికి దేవుడు ఏ రూపంలో కనిపిస్తాడో అది కచ్చితంగా పట్టుకుంది.

తెలుగు సినిమాలో ఈ కథ పుట్టిన మూలం వేరు. భారతంలోని సావిత్రి కథ ఒక విధంగా పరలోక ప్రణయగాథ. భర్త ప్రాణాన్ని తీసుకుపోతున్న యముడి వెంట నడిచి, మాటకు మాట పేర్చి, వరం మీద వరం పొంది, చివరికి అతడి వరంతోనే అతడిని ఇరుకున పెట్టిన ఆ రాచకూతురు కథను తెలుగువారు ఎఱ్ఱన పూరించిన అరణ్యపర్వ శేషంలో చదువుకున్నారు. 1933లో చిత్తజల్లు పుల్లయ్య దాన్ని 'సతీ సావిత్రి' పేరుతో తెరకెక్కించగా, వేమూరి గగ్గయ్య యముడిగా, దాసరి రామతిలకం సావిత్రిగా నటించారు. అక్కడ యముడు భయంకరుడు, గంభీరుడు. అతడిని గెలిచేది భక్తి, వాక్చాతుర్యం. అదే పుల్లయ్య ఇరవై ఏడేళ్ళ తరువాత, 1960లో, 1958 నాటి బెంగాలీ హాస్యచిత్రం ఆధారంగా 'దేవాంతకుడు' తీసినప్పుడు ఎన్.టి.రామారావు నరకానికి వెళ్ళి అక్కడి పాలననే తలకిందులు చేస్తాడు. ఒకే దర్శకుడి చేతిలో యముడు పూజ్యస్థానం నుంచి పరిహాసస్థానానికి దిగిరావడానికి మధ్య జరిగిన విషయాలలో ముఖ్యమైనది స్వాతంత్ర్యం. పరాయి ప్రభుత్వం పోయి, సొంత ప్రభుత్వం వచ్చి, దానికి సొంత కార్యాలయాలు, సొంత జాప్యాలు, సొంత లంచాలు ఏర్పడిన తరువాతనే యమలోకం నవ్వదగిన కార్యాలయం అయింది.

ఈ సంగతి 1977లో వచ్చిన 'యమగోల'లో మరింత స్పష్టంగా కనిపిస్తుంది. డి.వి.నరసరాజు రచన, తాతినేని రామారావు దర్శకత్వంలో వచ్చిన ఆ చిత్రంలో కైకాల సత్యనారాయణ యముడు, అల్లు రామలింగయ్య చిత్రగుప్తుడు. చనిపోయి యమలోకం చేరిన నాయకుడు అక్కడ క్షమాభిక్ష అడగడు; యమభటులను కూడగట్టి సమ్మె చేయిస్తాడు. అత్యవసర పరిస్థితి ముగిసి, ఎన్నికలు జరిగి, కేంద్రంలో ప్రభుత్వం మారిన ఏడాది అదే కావడం వల్ల, అధికారి ముందు నోరు విప్పడమనే చర్యకు ప్రేక్షకుల చప్పట్లు ఇంకాస్త గట్టిగా పడి ఉంటాయని ఊహించడం తప్పు కాదు. యముడు, చిత్రగుప్తుడు భూలోకానికి దిగివచ్చి తిప్పలు పడే ఉత్తరభాగం ప్రహసనమే అయినా, భయపడవలసినవారి చోటు మారడమన్న సూత్రం అందులోనే ఉంది: తన కచేరీలో సింహం లాంటి అధికారి కచేరీ బయటి వీధిలో దిక్కు తోచని పరదేశి.

'యముడికి మొగుడు' (1988) ఇదే సూత్రాన్ని ఒంటికీ ప్రాణానికీ అన్వయించింది. గడువు తీరకముందే ప్రాణం తీయడం, తప్పు తెలిసేసరికి దేహం కాలిపోవడం, అదే పోలిక ఉన్న మరొకరి దేహంలోకి పంపడం అనేవి హాలీవుడ్‌లో 1941 నాటి 'హియర్ కమ్స్ మిస్టర్ జోర్డాన్' కాలం నుంచీ నలిగిన మలుపులు. రవిరాజా పినిశెట్టి దర్శకత్వం వహించిన తెలుగు చిత్రం వాటికి చేర్చినది, చిరంజీవి రెండో దేహాన్ని పిరికివాడిదిగా చేయడం. బంధువుల వేధింపులకు వణుకుతూ బ్రతికిన ఒక ధనికుడి ఒంట్లోకి ఎవరికీ జంకని మనిషి ప్రాణం ప్రవేశించేసరికి, అవే చేతులు, అదే ముఖం, అదే ఇల్లు ఉన్నా మొత్తం వ్యవహారం మారిపోతుంది. భయం మనిషి స్వభావమా లేక అలవాటా అన్న ప్రశ్నను డేనియల్ మిల్లర్ న్యాయస్థానం వాదనలతో తేల్చడానికి ప్రయత్నించగా, ఈ చిత్రం దాన్ని నాలుగు పోరాటాలతో తేల్చేసింది. ఎస్.వి.కృష్ణారెడ్డి 'యమలీల' (1994)లో అయితే భవిష్యత్తు రాసి ఉన్న పుస్తకమే యమలోకం నుంచి జారి భూమిమీద పడుతుంది. దస్త్రం పోగొట్టుకున్న ఉద్యోగి ఎంత దీనుడో అంత దీనుడై యముడు దాన్ని వెతుక్కుంటూ వచ్చి, ఒక అమ్మాయిని చూసి మురిసిపోయి, ఐస్‌క్రీముకు అలవాటు పడతాడు. ఆ పుస్తకంలో తల్లి మరణాన్ని ముందే చదివిన కొడుకు దుఃఖాన్ని ఆలీ అభినయించిన తీరు, ఈ రకం చిత్రాలలో నవ్వుకు అడుగున ఉండే అసలు సరుకు ఏమిటో చూపిస్తుంది.

ఈ చిత్రాలన్నిటిలోనూ చనిపోయినవాడే ముద్దాయి. అధికారి ఎంత అసమర్థుడైనా, ఎంత నవ్వులపాలైనా బోను మాత్రం అక్కడే ఉంటుంది. రాయగడ కొండలలో ఆ బోను మరొక వైపు తిరిగి ఉంటుంది.

రాయగడ 1992 అక్టోబరు 2న కొరాపుట్ జిల్లా నుంచి విడివడింది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా ఈ ప్రాంతమంతా మద్రాసు రాజధానిలోని విశాఖపట్నం జిల్లాకు చెందిన ఏజెన్సీ, అంటే మైదానపు చట్టాలు పూర్తిగా వర్తించని కొండ ప్రాంతం. ఇందులో అధికభాగం జయపురం సంస్థానాధీశుల కింద ఉండేది. ఆ వంశంలోని విక్రమదేవ వర్మ తెలుగు సాహిత్యానికి, ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చేసిన పోషణ అందరికీ తెలిసినదే. వంశధార ఒడ్డున ఉన్న గుణుపురం, దాని పైన పుట్టాసింగ్ చుట్టూ ఉన్న కొండలు లాంజియా సవరల నివాసం; గోచీ కొసను తోకలా వెనుకకు వేలాడేటట్టు కట్టుకునే అలవాటును బట్టి ఇరుగుపొరుగువారు వారికి ఆ పేరు పెట్టారు. పక్కనే పర్లాకిమిడిలో ఉన్న గిడుగు రామమూర్తి వారి భాషను నేర్చుకుని, 1931లో వ్యాకరణాన్ని, 1938లో నిఘంటువును వెలువరించాడు. మైదానం నుంచి కొండకు వెళ్ళినవారిలో ఎక్కువమంది పన్నుకోసమో, వడ్డీకోసమో, కలపకోసమో వెళ్ళారు; మాట నేర్చుకోవడానికి వెళ్ళిన రామమూర్తి వంటివారు అరుదు. కొండమీది సవరకు భయం అంటే పన్ను వసూలు చేసే ముఠాదారు, పాయకు అనే బంటు, వడ్డీవ్యాపారి, అటవీ జవాను, ఠాణా.

సవరల నమ్మకంలో చనిపోయినవారు సొనుమ్‌లు అవుతారు; అంటే రూపం లేకపోయినా గుణమూ, జ్ఞాపకమూ, కోరికా ఉన్న ప్రాణులు. వారి వద్దకు వెళ్ళివచ్చే మధ్యవర్తి పురుషుడైతే కుడాన్, స్త్రీ అయితే కుడాన్‌బోయి. పూనకం పట్టినప్పుడు ఆమె ప్రాణం పాతాళానికి దిగుతుందని, ఖాళీ అయిన ఆమె నోటి ద్వారా చనిపోయినవారు ఒకరి తరువాత ఒకరు వచ్చి మాట్లాడతారని వారి విశ్వాసం. 1970ల మధ్య నుంచి సవరల మధ్య నివసించి అధ్యయనం చేసిన బ్రిటిష్ మానవశాస్త్రవేత్త పియర్స్ వితెబ్‌స్కీ ఈ సంభాషణలను 'డైలాగ్స్ విత్ ది డెడ్' (1993) అనే గ్రంథంలో వివరించాడు. ఆ మాటల్లో ఏడుపు ఉంటుంది, తగవు ఉంటుంది, పరాచికం ఉంటుంది. చనిపోయినవాడు వచ్చి తనకు సరైన వైద్యం ఎందుకు చేయించలేదని, తన నగ ఎవరు తీసుకున్నారని, తనకు బలి ఇస్తామన్న పశువు ఏమైందని అడుగుతాడు; చుట్టూ కూర్చున్న భార్య, కొడుకు, అన్నదమ్ములు సంజాయిషీ చెప్పుకుంటారు, బతిమాలతారు, ఒక్కొక్కసారి ఎదురు కేకలు వేస్తారు. మధ్యలో కల్లు అడిగి, కుడాన్‌బోయి నోటితోనే తాగి, పాత హాస్యాలాడి వెళ్ళే సొనుమ్‌లూ ఉంటారు. అమెరికన్ చిత్రంలో చనిపోయినవాడు తన జీవితాన్ని సమర్థించుకోగా, పుట్టాసింగ్ కొండలలో ఆ పని బ్రతికి ఉన్నవారికి పడింది.

ఇక్కడ భయం ఏమిటన్నది జాగ్రత్తగా అర్థం చేసుకోవలసిన విషయం. పులి చంపినవాడు పులి సొనుమ్‌లో, ప్రమాదంలో పోయినవాడు సూర్య సొనుమ్‌లో చేరతాడు. ఏ విధంగా పోయాడో ఆ విధమైన బాధనే తనవారికి కలిగించడానికి ప్రయత్నిస్తాడు. అందుకు కారణం పగ కాదని, ఎడబాటు ఓర్చుకోలేని ప్రేమ అని సవరలు చెబుతారు. చనిపోయిన తల్లి బిడ్డను తన వద్దకు లాక్కోవాలనుకోవడం ప్రేమే, బిడ్డకు జబ్బు చేయడమూ ఆ ప్రేమ వల్లనే. అందువల్ల చేయవలసింది ఆమెను తరిమివేయడం కాదు. సంవత్సరాల తరబడి మాట్లాడి, రాయి నిలిపి, పశువును బలి ఇచ్చి, ఆమె ఆవేదనను తగ్గించి, పితృదేవతగా మార్చడం. కొంతకాలానికి ఆమె పేరు ఇంట్లో పుట్టిన పసిబిడ్డకు పెడతారు. ఆమెను ఎరిగినవారు కూడా పోయిన తరువాత ఆమె రెండోసారి చనిపోయి సీతాకోకచిలుక అవుతుంది. ఆ తరువాత ఆమెతో మాటలు లేవు. కొరాపుట్ వైపు గదబ తెగవారు ఇలాంటి పనినే మరొక విధంగా చేస్తారు: గోతర్ అనే పెద్దకర్మలో ఊరి మృతులను దున్నపోతులలోకి ఆవాహన చేసి, వాటికి తినిపించి, ఏడ్చి, చివరకు పరాయి ఊరివారికి అప్పగిస్తారు. యముడి వాహనాన్ని ఎరిగిన తెలుగు పాఠకుడికి ఆ దున్నపోతు తటాలున గుర్తు వచ్చినా, ఇక్కడ దానిమీద ఎక్కి వచ్చేవాడు ఎవడూ లేడు, పోయినవాడే అది.

ప్రణయ హాస్యానికి అసలైన ముడిసరుకు కుడాన్‌బోయి పెళ్ళిలో ఉంది. 1955లో వెలువడిన 'ది రెలిజియన్ ఆఫ్ యాన్ ఇండియన్ ట్రైబ్' గ్రంథంలో వెరియర్ ఎల్విన్ దీన్ని విస్తారంగా నమోదు చేశాడు. పాతాళానికి చెందిన ఒక యువకుడు యుక్తవయస్సు అమ్మాయి కలలోకి వచ్చి తనను పెళ్ళాడమని అడుగుతాడు. ఆమె భయపడి కాదంటుంది. అతడు మళ్ళీ వస్తాడు, ఆమె మళ్ళీ కాదంటుంది, జబ్బు పడుతుంది, మతి చెదిరినట్టు తిరుగుతుంది. ఇంటివారు కంగారుపడి పెద్ద కుడాన్‌బోయిని పిలిపిస్తే, ఒప్పుకోవడమే మందు అని ఆమె చెబుతుంది. పెళ్ళి శాస్త్రోక్తంగా జరుగుతుంది. ఆ తరువాత అతడు కలలలో వచ్చిపోతూ ఉంటాడు, పాతాళంలో వారికి పిల్లలు పుడతారు, పాలకోసం వారిని రాత్రిపూట తల్లి వద్దకు తెస్తాడు. భూమిమీద ఆమెకు మామూలు భర్త, మామూలు పిల్లలు కూడా ఉండవచ్చు. రెండు సంసారాలు నడుపుతూనే ఆమె పొలం పనికీ వెళుతుంది.

ఈ పాతాళపు వరుడు ఎవరన్నదే అన్నిటికన్నా ఆసక్తికరం. అతడు సవర కాదు. మంచి బట్టలు కట్టిన హిందువు. రాజకులమో, పాయకు కులమో, మొత్తం మీద కొండకింది అధికారి వర్గానికి చెందినవాడు. పగలు ఎవరిని చూసి సవరలు పక్కకు తప్పుకోవలసి వచ్చేదో, ఆ వర్గపు మనిషి రాత్రి కలలో వచ్చి పిల్లనిమ్మని వేడుకోవడం, పెళ్ళయ్యాక భార్య పిలిచినప్పుడల్లా వచ్చి పని చేసిపెట్టడం, సామాన్యమైన కల్పన కాదు. యమగోల నాయకుడు అధికారిని సమ్మెతో లొంగదీస్తే, కుడాన్‌బోయి అతడిని మొగుడిగా చేసుకుని లొంగదీసింది. చుట్టరికం కలిపినవాడికి భయపడనక్కర లేదన్న పల్లెటూరి తెలివి ఇందులో ఉంది. అధికారంతో రాజీపడిన తీరు కూడా అందులోనే ఉందని విమర్శకులు అంటే కొట్టిపారవేయలేము.

సవరలు ఇంటి లోపలి గోడమీద బియ్యపుపిండితో గీసే ఇడితాల్ చిత్రాలలోనూ ఇదే లోకం కనిపిస్తుంది. ఇడితాల్ అలంకారం కాదు. ఒక సొనుమ్ వచ్చి ఉండడానికి కట్టిన ఇల్లు. ఆ సొనుమ్ ఏమి కోరుకుంటుందో కల ద్వారా తెలుసుకుని గీస్తారు కనుక, ఏనుగులు, గుర్రపు రౌతులు, తుపాకి పట్టిన జవానులతో పాటు సైకిళ్ళు, విమానాలు కూడా అందులోకి వచ్చాయి. కొండ దాటి ఎరుగని ముసలివాడు చనిపోయిన తరువాత విమానం అడగడం ఎల్విన్ వంటివారికి ముచ్చట గొలిపింది.

ఈ సంభాషణలు ఇప్పుడు చాలావరకు ఆగిపోయాయి. గత కొన్ని దశాబ్దాలలో సవర యువతరంలో అత్యధికులు బాప్టిస్టు క్రైస్తవంలోకి, కొందరు హిందూ సంప్రదాయాలలోకి వెళ్ళారు. వితెబ్‌స్కీ ఈ మార్పును 2017లో 'లివింగ్ వితౌట్ ది డెడ్' అనే రెండో గ్రంథంలో నమోదు చేశాడు. దీన్ని కేవలం నష్టంగా చెప్పడం సవరలకు అన్యాయం చేయడమే అవుతుంది. చర్చితో, బడితో చదువు వచ్చింది, దళారి అక్కర లేకుండా అధికారి ముందు నిలబడే ధైర్యం వచ్చింది. తన అర్జీ తాను రాసుకోగలిగిన పిల్లకు పాతాళంలో పాయకును పెళ్ళాడవలసిన అవసరం తగ్గింది. దానితో పాటు, అంత్యదినాన ప్రతివాడూ తన జీవితానికి తానే లెక్క చెప్పాలన్న బోధ కూడా వచ్చింది. అంటే బోను మళ్ళీ చనిపోయినవాడి వైపు తిరిగింది. ఏడ్చి, తగవులాడి, సంజాయిషీ చెప్పుకోవడానికి ఇంటివారికి ఉన్న ఏర్పాటు పోయి, దాని స్థానంలో ప్రార్థన మిగిలింది. ఇడితాల్ మాత్రం గోడ దిగి కాగితం మీదికి, గుడ్డ మీదికి చేరి, 2024 జనవరిలో 'లాంజియా సవర చిత్రకళ' పేరుతో భౌగోళిక గుర్తింపు పొందింది. భువనేశ్వర్ దుకాణాలలో దాన్ని కొనేవారి కోసం చిత్రకారులు ఇప్పటికీ ఏనుగులనూ సైకిళ్ళనూ గీస్తున్నారు. ఏది గీయాలో చెప్పేది మాత్రం ఇప్పుడు కల కాదు, గిరాకీ.